బడ్జెట్ ప్రాసెసర్‌ని అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డుతో ఎందుకు టెస్ట్ చేస్తాం?

మళ్లీ అదే ప్రశ్న. "రైజెన్ 5 5500 లాంటి చవక ప్రాసెసర్ కొనేవాడు ఆర్‌టీఎక్స్ 4090 లాంటి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొంటాడా? ఆ రెండూ కలిపి టెస్ట్ చేస్తే ఎవరికి లాభం?" కొనడు. నాకూ తెలుసు. అయినా అలాగే చేస్తాను.

ఒక టైలర్ షాపు అనుకోండి. కటింగ్ మాస్టర్ గుడ్డ కత్తిరించి ఇస్తాడు, వెనక మిషన్ మీద ఉన్నాయన కుడతాడు. మాస్టర్ ప్రాసెసర్, కుట్టేవాడు గ్రాఫిక్స్ కార్డు. మాస్టర్ చేతివేగం తెలియాలంటే కుట్టేవాడి దగ్గర పని పేరుకోకూడదు. అక్కడ నిదానస్తుణ్ని కూర్చోబెడితే, నలుగురు మాస్టర్లని మార్చినా రోజుకి అవే చొక్కాలు. చివరికి "నలుగురూ సమానమే" అని గ్రాఫు వేసేస్తారు. ఆ గ్రాఫులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రిజల్యూషన్ తగ్గించేదీ అందుకే. 1080పీలో ఫ్రేముకి (ఆటలో తెర మీదకొచ్చే ఒక్కో బొమ్మ, అదే మన చొక్కా) సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 4కేలో 82.9 లక్షలు. అంటే అదే చొక్కా మీద నాలుగింతల ఎంబ్రాయిడరీ. ఆ బరువంతా కుట్టేవాడిదే, కత్తిరింపు మారదు. కానీ ఆటలో జనం రద్దీ ఎంతుండాలో చెప్పే సెట్టింగు మాత్రం తగ్గించకండి, అది మాస్టర్ పని.

[స్క్రీన్ మీద ఫ్రేమ్‌టైమ్ గీత: ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం]

ఇది చూడండి. ఒక సెకనులో 95 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లలో వచ్చాయి, ఒక్కటి మాత్రం 50 తీసుకుంది. సగటు 96 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 96 ఫ్రేములు, చెప్పుకోడానికి బ్రహ్మాండం! ఆడేవాడికి మాత్రం సరిగ్గా మలుపు తిరిగే చోట చటుక్కున పట్టేసినట్టు ఉంటుంది. మాస్టర్ కత్తెర వెతుక్కున్న క్షణం అది. బడ్జెట్ ప్రాసెసర్లు దొరికిపోయేది ఇక్కడే. అందుకే సగటు పక్కన "1% low", అంటే అన్నిటికంటే నిదానంగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల లెక్క, కూడా చూడమని మొత్తుకుంటాను.

"టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోంది, దాని తప్పేం లేదు" అంటారు కొందరు. 12 థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసలు) ఒకటి పూర్తిగా నిండినా అక్కడ కనిపించేది 8 శాతమే. ఆటంతా ఆ ఒక్కదాని కోసం ఆగి ఉండొచ్చు.

ఇక రైజెన్ 5 ప్రాసెసర్లు 5500, 5600. రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లే, క్లాకు వేగంలో తేడా కొద్దిపాటిదే. కానీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీ, 5500కి 16 ఎంబీ, 5600కి 32. అది మాస్టర్ ముందున్న బల్ల అనుకోండి. బల్ల చిన్నదైతే మాస్టర్ మాటిమాటికీ బీరువా దాకా, అదే ర్యామ్ దాకా, లేచి వెళ్లాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ర్యామ్ రెండు స్టిక్కులు పెట్టండి, ఒక్కటే పెడితే బీరువాకి ఒకే తలుపు. ఖాళీ మైదానంలో కాదు, జనం కిటకిటలాడే వీధిలో కొలవండి. మొదటి రన్ వదిలేసి తర్వాతి మూడు తీసుకోండి.

లాభం ఎవరికి అన్నారు కదా? ఈ ప్రాసెసర్ ఈ ఆటలో 110 ఎఫ్‌పీఎస్ దాటించలేదని తేలితే, రేపు మీరు ఏ కార్డు పెట్టినా అంతే. ఇంట్లోనే చూసుకోండి: రిజల్యూషన్ బాగా తగ్గించినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే, కార్డు మార్చి డబ్బులు పోగొట్టుకోకండి. ఆగింది మాస్టర్ దగ్గర.