పాత స్కూటర్ గేర్ బాక్సుకి సామాను జత కలిపేదెలా?

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం పాత వీధుల్లో చాలా ఇళ్ళ వసారాల్లో గోనెపట్టా కప్పిన స్కూటరొకటి కనిపిస్తుంది. బజాజ్ చేతక్, బజాజ్ సూపర్, ప్రియ, విజయ్ సూపర్. నాన్నగారు బడికి పాఠం చెప్పడానికి వెళ్ళిన బండి, తాతగారు జూట్ మిల్లు షిఫ్టుకి వెళ్ళిన బండి. ఈమధ్య పిల్లలు వాటిని మళ్ళీ రోడ్డెక్కించాలని ముచ్చటపడుతున్నారు. నాకు అంతకంటే సంతోషం లేదు. రంగు, సీటు, అద్దాలు ఎలాగో కుదురుతాయి. పని ఆగిపోయేది గేర్ బాక్సు దగ్గరే. చూడ్డానికి ఒకేలా ఉన్న వేరే బండి సామాను తెచ్చి బిగించేస్తారు, నెల తిరక్కుండా ఇంజను మళ్ళీ విప్పుతారు.

కాబట్టి మొదటి మాట: బండి మీద పేరు చూసి సామాను కొనకండి, లోపలి ఇంజను ఏదో తేల్చుకుని కొనండి. ఇన్నేళ్ళలో ఎన్ని ఇంజన్లు మారాయో ఎవరికి తెలుసు! ఇంజను మీద చెక్కిన నంబరుని ఆర్సీలో నంబరుతో పోల్చండి. కలవకపోతే లోపల వేరే బండి గేర్లు ఉండొచ్చు.

మన స్కూటర్లు ముఖ్యంగా రెండు వంశాలు. ఒకటి ఇటలీ వెస్పా వంశం. బజాజ్ వాళ్ళకి వెస్పా తయారుచేసే పియాజియో కంపెనీతో ఒప్పందం 1971తో ముగిసింది, ఆ పాత నమూనా మీదే చేతక్ వచ్చింది. ఎల్‌ఎమ్‌ఎల్ కంపెనీ వాళ్ళు 1980లలో అదే పియాజియోతో కలిసి, తరవాతి తరం పీఎక్స్ నమూనా తెచ్చారు. మూలం ఒకటే అయినా తరం వేరు. అందుకే చేతక్ గేరు ఎల్‌ఎమ్‌ఎల్‌కి సరిపోతుందని ఎవరైనా అంటే, పక్కపక్కన పెట్టి కొలిచే దాకా నమ్మకండి. రెండోది లాంబ్రెట్టా వంశం. లక్నోలో తయారైన విజయ్ సూపర్ ఈ వంశానిదే. దీనిలో ఇంజను నుంచి క్లచ్‌కి చైను ఉంటుంది. వెస్పా వంశంలో చైను లేదు, గేరుకి గేరే పడుతుంది. మూత తీయగానే చైను కనిపించిందా లేదా అన్నదాంతో వంశం తేలిపోతుంది.

ఇప్పుడు వెస్పా వంశం బాక్సు లోపలికి వద్దాం. ఒక ఇరుసు మీద చిన్న గేర్లన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. వెనక చక్రం తిరిగే షాఫ్టు మీద పెద్ద గేర్లు విడివిడిగా ఉంటాయి. పెద్ద గేర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి గానీ షాఫ్టుని పట్టుకోవు. షాఫ్టు లోపల నాలుగు కొమ్ముల క్రాస్ ఒకటి అటూ ఇటూ జరుగుతూ, ఏ గేరు కింద ఆగితే దాన్ని షాఫ్టుకి బిగిస్తుంది. ఎడమచేతి పిడి తిప్పినప్పుడు కేబుళ్ళు కదిలించేది దీన్నే. ఇంత చిన్న ముక్క మీద బండి బరువంతా పడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బస్తా వేసుకుని సాలూరు ఘాటీ ఎక్కిన బండికి ముందు అరిగేది ఈ క్రాసే. కొమ్ముల అంచులు గుండ్రపడతాయి, రెండో గేరు పట్టినట్టే పట్టి జారిపోతుంది. అయితే బాక్సు విప్పేముందు కేబుళ్ళు చూడండి. కేబులు వదులైతే క్రాస్ గేరుని సగమే పట్టుకుంటుంది. కేబులు సరిచేసినా జారుతుంటే అప్పుడు విప్పండి. క్రాస్ ఒక్కటే మార్చి ఊరుకోకండి. గేరు లోపలి గాడుల అంచులు కూడా గుండ్రపడి ఉంటే కొత్త క్రాస్ ఎన్నాళ్ళో నిలవదు. ఇంకో జాగ్రత్త: క్రాస్‌ని పట్టి ఉంచే కడ్డీకి ఎడమ మర ఉంటుంది. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది, బలవంతం చేస్తే మర పాడవుతుంది.

ఇక పళ్ళ లెక్క. ఒక పన్ను మీద రంగు చుక్క పెట్టి, అక్కణ్ణించి వేలితో లెక్కపెట్టండి, రెండోసారి ఇంకొకరిచేత లెక్కపెట్టించండి. ఉదాహరణకి వెస్పా పీఎక్స్‌లో మొదటి గేరుకి చిన్నది 12 పళ్ళు, పెద్దది 57. అంటే చిన్నది 4.75 చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. అదే పీఎక్స్ కుటుంబంలో నాలుగో గేరు 35 పళ్ళదీ ఉంది, 36 పళ్ళదీ ఉంది. ఒక్క పన్ను తేడా కంటికి ఆనదు. పళ్ళ వెడల్పు, లోపలి రంధ్రం, గేరు మందం కూడా సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. పాత ముక్క ఎంత విరిగినా పాత ఇనప సామాన్ల కొట్టుకి వేసేయకండి. కొత్త ముక్క పక్కన పెట్టి చూడ్డానికి అదొక్కటే సాక్ష్యం.

చిన్న గేరు పన్ను విరిగితే దానితో కలిసి తిరిగే పెద్ద గేరుని కూడా వెలుతురులో పట్టి చూడండి. పన్ను మీద గుంటలు పడితే రెండూ మార్చాల్సిందే. అలా జతగా మార్చమని చెప్పే మెకానిక్ మిమ్మల్ని దోచుకోవడం లేదు. అడిగిన కూలి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు ఖాళీ కొలవాలి. వెస్పా వంశంలో చివరి గేరుకీ వాషరుకీ మధ్య ఫీలర్ గేజ్, అంటే మందం రాసున్న పల్చని రేకుల కట్ట, పెడితే 0.15 నుంచి 0.40 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. లాంబ్రెట్టాలో ఇంకా తక్కువ, 0.07 నుంచి 0.30. ఎక్కువైతే మందం వాషరు వేస్తారు, తక్కువైతే పల్చనిది. మన దగ్గర ఎక్కువమంది వదిలేసే పని ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే. పాత వాషరే తిరిగి వేసేసి, బండి అరుస్తోందంటారు.

కేసు మూసేముందు షాఫ్టుని చేత్తో తిప్పుతూ ఉన్న గేర్లన్నీ వేసి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు. ఆ తరవాత వెస్పా వంశానికైతే ఎస్‌ఏఈ 30 చిక్కదనం నూనె పావు లీటరు పోయండి. క్లచ్ ప్లేట్లు కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటాయి కాబట్టి, చిక్కగా ఉంటే మంచిదని వేరే నూనె పోయొద్దు.

నమస్కారం.