రేడియోలో మన ఊరి వాన సంగతి ఎవరు చెబుతారు?

నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను పుట్టి పెరిగింది మూలాపేటలో, చదువంతా నెల్లూరులోనే. ఉద్యోగం మాత్రం పదకొండేళ్ళు బయట ఊళ్ళో చేశాను, మన కోస్తాలోనే, ఒక ప్రైవేట్ ఎఫ్‌ఎం స్టేషన్‌లో. నాది మైకు ముందు పని కాదు, యాడ్స్ అమ్మే పని. ఆ స్టేషన్ పేరు, ఊరి పేరు చెప్పను, నాతో పనిచేసిన పిల్లలు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు, నా మాట వల్ల వాళ్ళకు ఇబ్బంది రాకూడదు. నేనున్న కాలంలోనే ఆ స్టేషన్ ఓనర్ చేతి నుంచి ఇంకో ఓనర్ చేతికి పోయింది. దాని వల్ల ఆ ఊరి వ్యాపారానికి ఏమైందో కళ్ళారా చూశాను కాబట్టి ఇవాళ మీ ముందు, అంటే వ్యాపారం చేసుకునే వాళ్ళ ముందు, ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

ముందు ఆ పని ఎట్లా ఉండేదో చెప్తా. రేడియోలో యాడ్‌ను పది సెకన్ల లెక్కన అమ్ముతారు. పొద్దున, సాయంత్రం జనం బండ్ల మీద, బస్సుల్లో ఉండే టైమ్‌కి ఒక రేటు, మధ్యాహ్నానికి ఒక రేటు. కాగితం మీద రేటు కార్డు ఉంటుంది, కానీ ఏ ఊళ్ళోనూ ఆ రేటుకు ఎవరూ కొనరు, మన స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం బస్తా రేటు మాట్లాడుకున్నట్టే ఇదీ మాట్లాడుకోవాల్సిందే. పొద్దున పదింటికి బయల్దేరితే చీరల షాపు, స్వీట్ షాపు, కోచింగ్ సెంటరు, కళ్ళజోళ్ళ షాపు, ఒక్కో మెట్టు ఎక్కి దిగడమే. శ్రావణమాసానికి ఎవరు కొత్త స్టాకు తెప్పిస్తున్నారో, ఏ కాలేజీ వాళ్ళకు ఈసారి సీట్లు నిండలేదో, ఎవరింట్లో పెళ్ళి ఉండి ఈ నెల డబ్బులు ఆలస్యం చేస్తారో అన్నీ తెలిసేవి. ఒక స్వీట్ షాపు ఆయన, నాన్నగారి వయసు, ఆయనకు నెలకు నేనిచ్చిన స్పాట్లు, అంటే యాడ్ వేసే టైములు, ఎన్నో నాకే గుర్తుండేవి కాదు, ఎందుకంటే అమ్ముడుపోని టైమ్ మిగిలితే మా మేనేజర్ ఆయనకే ఇచ్చెయ్యమనేవాడు. దీపావళికి ఆయన మొత్తం బాకీ ఒక్కసారే కట్టేవాడు. పుస్తకంలో చూస్తే ఇది మంచి వ్యాపారంలా కనపడదు, తొంభై రోజుల అప్పు, పైగా ఉచితం. కానీ ఆ ఊళ్ళో ఆ స్టేషన్ నిలబడింది అలాంటి నలభై యాభై షాపుల మీదే.

ఓనర్ మారిన మొదటి నెల ఏమీ కాలేదు. స్వీట్లు పంచారు, ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదన్నారు. రెండో నెలలో కొత్త రేటు కార్డు వచ్చింది. దాన్ని తయారు చేసినవాళ్ళు మా ఊరికి ఎప్పుడూ రాలేదు. మన ఊరు ఒక్కటే కొనడానికి లేదు, మూడు ఊళ్ళు కలిపి ప్యాకేజీగా కొనాలి, నెలకు ఇంతకు తక్కువైతే రిలీజ్ ఆర్డర్, అంటే యాడ్ వెయ్యమని ఇచ్చే ఆర్డరు, తీసుకోవద్దు, ముందు డబ్బు కట్టాలి. కార్లు అమ్మే కంపెనీకి, సెల్‌ఫోన్ కంపెనీకి ఇది బాగానే ఉంటుంది, వాళ్ళకు మూడు ఊళ్ళలోనూ షోరూమ్‌లు ఉంటాయి. మా స్వీట్ షాపు ఆయనకు పక్క జిల్లాలో ఏం పని? ఆయన ఒక్కటే మాటన్నాడు, "నా మిఠాయి కొనడానికి అక్కడి నుంచి ఎవరొస్తారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఏడాది తిరిగేసరికి ఆ నలభై యాభై షాపుల్లో పదో పన్నెండో మిగిలాయి. పోయినవాళ్ళు ఎక్కడికి పోయారంటే, కొందరు ఆటోకి మైకు కట్టించుకున్నారు, కొందరు లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్ వేయించుకున్నారు, పిల్లలున్న వాళ్ళు ఇన్‌స్టాలో రీల్స్ చేయించుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఇంతలో లోపల కూడా మారింది. ఐదుగురు ఆర్జేలు ఉండేవాళ్ళు, ఇద్దరయ్యారు. రాత్రి తొమ్మిది దాటాక షో హైదరాబాద్ నుంచి వచ్చేది, పది ఊళ్ళకూ ఒకే షో, మాటలు ముందే రికార్డు చేసి పెట్టినవి. యాడ్‌కు గొంతు కూడా అక్కడి నుంచే ఇప్పించేవాళ్ళు. ఊళ్ళో పేటల పేర్లు తప్పుగా పలికేవాళ్ళు, షాపు ఓనర్లు నాకు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు, అది కూడా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒక నవంబరు రాత్రి జరిగింది. తుఫాను. కరెంటు పోయింది, సెల్ టవర్లు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి, నేను బ్యాటరీ రేడియో పెట్టుకుని మా స్టేషన్ వింటున్నా. అందులో ఒకమ్మాయి ఎంతో హాయిగా, ఈ చల్లటి రాత్రి మీ మనసుకు దగ్గరైన వాళ్ళకు ఈ పాట అంటోంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆ మాటలు ఎప్పుడో మధ్యాహ్నం రికార్డు చేసి ఇంటికి పోయి ఉంటుంది. మా స్టూడియోలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. కాలవ కట్ట తెగిందని, ఆ వైపు పోవద్దని చెప్పడానికి ఒక్క మనిషి లేడు. ఆ రాత్రి నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

మన జిల్లాల వాళ్ళకు ఇది వేరే చెప్పాలా. 1979 మే నెల తుఫాను గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో సోమశిల నుంచి పెన్నకు వచ్చిన నీళ్ళు, 2023 డిసెంబరు మిచాంగ్, ఇవి మీ కళ్ళ ముందే జరిగాయి. ప్రైవేట్ ఎఫ్‌ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలను మార్చకుండా వెయ్యొచ్చు, అంతే. కానీ వాతావరణం, తుఫాను హెచ్చరికలు, కరెంటు, నీళ్ళు, ట్రాఫిక్, పరీక్షలు, ఉద్యోగాలు, పండగలు, వీటిని ప్రైవేట్ ఎఫ్‌ఎంలకు కేంద్రం పెట్టిన మూడో విడత నిబంధనల్లో వార్తలుగా లెక్కపెట్టరు, చెప్పుకోవచ్చు. నిబంధన అడ్డం కాదు. చెప్పేందుకు స్టూడియోలో మనిషి లేకపోవడమే అడ్డం.

ఉద్యోగం మానేశాక ఇది మా ఒక్క స్టేషన్ సంగతేనా అని చదవడం మొదలుపెట్టాను. అమెరికాలో 1996లో ఒక చట్టం తెచ్చారు. అప్పటిదాకా దేశం మొత్తంలో ఒక కంపెనీకి ఇన్ని స్టేషన్లే ఉండాలని పరిమితి ఉండేది, దాన్ని ఎత్తేశారు, పెద్ద ఊళ్ళలో ఒకరే ఎనిమిది దాకా పెట్టుకోవచ్చన్నారు. కొన్నేళ్ళలోనే క్లియర్ ఛానల్ అనే కంపెనీ చేతిలోకి పన్నెండు వందలకు పైగా స్టేషన్లు వచ్చాయి. నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అని ఒక చిన్న ఊరు ఉంది, అక్కడి ఆరు కమర్షియల్ స్టేషన్లూ ఈ కంపెనీవే. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటాక ఆ ఊరి పక్కన గూడ్సు రైలు పట్టాలు తప్పింది, 31 వ్యాగన్లు. అమ్మోనియా గ్యాస్ ఊరి మీదకు వచ్చింది. పోలీసులు రేడియో స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు దొరకలేదు. ఒక మనిషి చనిపోయాడు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కంపెనీ మాత్రం, హెచ్చరిక పంపే పరికరాన్ని పోలీసులు సరిగ్గా వాడుకోలేదు, తప్పు మాది కాదు అని వాదించింది. ఆ వాదనలో నిజం ఎంతున్నా, ఫోన్ ఎత్తే మనిషి ఉండుంటే ఆ పరికరం గురించి వాదించుకునే అవసరమే వచ్చేది కాదు కదా. నేను మొదటిసారి అది చదివినప్పుడు మా స్టూడియో వాచ్‌మనే గుర్తొచ్చాడు.

ఆ కంపెనీ తర్వాత ఐహార్ట్‌మీడియాగా పేరు మార్చుకుంది. 2008లో అప్పు తెచ్చిన డబ్బుతో దాన్ని కొన్నారు, ఆ అప్పు కంపెనీ నెత్తినే పడింది, 2018లో రెండు వేల కోట్ల డాలర్లకు పైగా అప్పుతో దివాలా రక్షణ కోరింది. వ్యాపారం చేసేవాళ్ళకు నేను చెప్పాలా, అప్పు చేసి కొన్నవాడు మొదట వడ్డీ కట్టుకోవాలి. వడ్డీ ఎక్కడి నుంచి తీస్తాడు? టవర్ అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, పాటల రాయల్టీ తగ్గదు. తగ్గేది జీతాలే, అంటే ఊరు తెలిసిన మనుషులే.

మన దేశంలోనూ చేతులు మారుతూనే ఉన్నాయి. రేడియో సిటీని నడిపే కంపెనీ 2015 ప్రాంతంలో జాగరణ్ పత్రిక వాళ్ళ చేతికి వచ్చింది. అదే కంపెనీ 2019లో బిగ్ ఎఫ్‌ఎంను 1050 కోట్ల విలువ కట్టి కొంటామని ప్రకటించింది, ఆ బేరం కుదరలేదు. తర్వాత బిగ్ ఎఫ్‌ఎం దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, 2024 మేలో సఫైర్ మీడియా అనే సంస్థ ఇచ్చిన ప్రణాళికకు కంపెనీ లా ట్రిబ్యునల్ ఒప్పుకుంది, 261 కోట్లకు. ఐదేళ్ళలో ఎంత నుంచి ఎంతకు దిగిందో చూడండి. ఈ పేర్లు చెబుతున్నది వాళ్ళను తప్పుపట్టడానికి కాదు. రేడియోలో డబ్బు తగ్గింది, కోవిడ్ తర్వాత మరీ తగ్గింది, పెద్దవాడు కొనకపోతే కొన్ని స్టేషన్లు మూతపడతాయి, ఇది నిజం, నేను ఒప్పుకుంటా. మూతపడిన స్టేషన్ కంటే హైదరాబాద్ నుంచి పాటలు వేసే స్టేషన్ నయమే అనేవాళ్ళు ఉన్నారు. పాటల వరకైతే సరే. పాటలు ఇప్పుడు ఫోన్‌లో కోరినన్ని దొరుకుతున్నాయి, దాని కోసం స్టేషన్ ఎందుకు?

ఈ కథ కొత్తదీ కాదు. 1924లో మద్రాసులో కొందరు ఔత్సాహికులు కలిసి రేడియో క్లబ్ పెట్టుకున్నారు, అప్పుడు మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. డబ్బు చాలక 1927లో మూసేశారు, ఆ ట్రాన్స్‌మిటర్‌ను తీసుకుని 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ నడిపింది, 1938లో ఆలిండియా రేడియో వచ్చేదాకా. ఒక ఊరి మున్సిపాలిటీ రేడియో నడిపిన రోజులు కూడా మన పక్కనే ఉన్నాయన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ 234 కొత్త ఊళ్ళలో 730 ఎఫ్‌ఎం ఛానళ్ళ వేలానికి ఒప్పుకుంది. మన రాష్ట్రంలో 22 ఊళ్ళు, 68 ఛానళ్ళు. అందులో ఒంగోలు ఉంది, చీరాల ఉంది. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయినా మనకు ప్రకాశం కిందే లెక్క, నా నోటికి అలాగే వస్తుంది. ఒకసారి ఇస్తే పర్మిషన్ పదిహేనేళ్ళు, ఏటా ఆదాయంలో నాలుగు శాతం ఫీజు కట్టాలి.

మైనాట్‌లో జరిగినట్టు ఊళ్ళోని అన్ని స్టేషన్లూ ఒకడి చేతిలోకి పోవడం మన దగ్గర కుదరదు, ఒక ఊళ్ళోని ఛానళ్ళలో నలభై శాతానికి మించి ఒకరికి ఇవ్వరు, కనీసం ముగ్గురు వేర్వేరు ఆపరేటర్లు ఉండాలి. మంచి నిబంధనే. కానీ దేశం మొత్తం మీద ఒకరికి పదిహేను శాతం అనే పరిమితి ఉండేది, దాన్ని 2022లో తీసేశారు. ఒకే నెట్‌వర్క్‌లోని ఊళ్ళన్నిటికీ ఒకే కార్యక్రమం వేసుకోవడానికి మూడో విడతలో అనుమతి ఉంది. కాబట్టి ఒంగోలులో ముగ్గురు వేర్వేరు ఓనర్లు ఉన్నా, ముగ్గురి మైకులూ హైదరాబాద్‌లోనే ఉంటే, ఒంగోలు పొగాకు రైతుకూ చీమకుర్తి గ్రానైట్ లారీ డ్రైవరుకూ కొత్తపట్నం చేపల వేటగాడికీ మూడు స్టేషన్లున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నా టెన్షన్ అంతా దీని గురించే.

ఇంకో వైపు చూస్తే అదే 2022లో చిన్న ఊళ్ళకు వేలంలో పాల్గొనే కంపెనీకి ఉండాల్సిన నికర విలువను కోటిన్నర నుంచి కోటికి తగ్గించారు. కోటి రూపాయల నెట్‌వర్త్ ఉన్న కంపెనీ. ఈ హాల్లో కూర్చున్న వాళ్ళలో రొయ్యల చెరువులున్న వాళ్ళు, రైసు మిల్లులున్న వాళ్ళు, నగల షాపులున్న వాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టక్కర్లేదు. నలుగురు కలిసి కంపెనీ పెడితే అర్హత వరకు వచ్చేస్తుంది. అర్హత వేరు, నడపడం వేరు, అది కూడా చెప్పాలి, టవరు, ట్రాన్స్‌మిటరు, పాటల హక్కులు, జీతాలు, మొదటి రెండు మూడేళ్ళు నష్టం చూసే ఓపిక, అన్నీ ఉండాలి. స్టేషన్ నడవడం మొదలయ్యాక మూడేళ్ళ దాకా పెద్ద వాటాదారు తన వాటా అమ్ముకుని పోవడానికి ఉండదు, కాబట్టి ముచ్చటపడి దిగేవాళ్ళు దిగొద్దు. నేను అమ్మిన లెక్కల్ని బట్టి చెప్తున్నా, చిన్న ఊళ్ళో స్టేషన్ బతకాలంటే సగం ఆదాయం ఊళ్ళోని షాపుల నుంచే రావాలి, ఆ సగం రావాలంటే షాపు మెట్లెక్కే మనిషి కావాలి, రాత్రి మైకు దగ్గర ఒక మనిషి కావాలి.

సొంతంగా పెట్టలేం అనుకునేవాళ్ళు కూడా ఒక పని చెయ్యొచ్చు. రేపు ఏ పెద్ద కంపెనీ వచ్చినా వాళ్ళ మనిషి యాడ్ అడగడానికి మీ దగ్గరికే రావాలి. రేటు అడిగే ముందు రెండు అడగండి. రాత్రి తొమ్మిది తర్వాత మీ స్టూడియోలో ఎవరుంటారు? మా ఒక్క ఊరికే యాడ్ ఇవ్వొచ్చా లేక ప్యాకేజీనా? ఇరవై షాపుల వాళ్ళు ఒకే మాట అడిగితే ఆ ప్రశ్న హెడ్డాఫీసు దాకా పోతుంది, ఒక్కరు అడిగితే పోదు, ఇది నేను అటువైపు కూర్చుని చూసిన సంగతి.

ఒంగోలు నుంచి, చీరాల నుంచి వచ్చిన వాళ్ళు భోజనాలకు లేచే ముందు ఒక్కసారి ఇటు రండి. నా దగ్గర పాత రేటు కార్డులు, నెలనెలా ఖర్చుల లెక్క ఉంది, పేర్లు తీసేసి తెచ్చాను. కూర్చుని చూద్దాం, ఎంతమందిమి కలిస్తే ఎంత పడుతుందో.