31 కంపార్ట్‌మెంట్లు నిండాక డేటా ఏం చెబుతుంది?

[దృశ్యం: అలిపిరి, తెల్లవారుజాము. గరుడ విగ్రహం మీది నుంచి కెమెరా మెట్లదారి వైపు తిరుగుతుంది. బస్సుల హారన్లు.]

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు ఒక ఫోన్ కాల్ తప్పదు. ఎక్కడెక్కడి చుట్టాలో చేసి, "కొండ మీద రద్దీ ఎట్లుంది? ఎప్పుడొస్తే ఖాళీగా ఉంటుంది?" అని అడుగుతారు. నేను ఇక్కడ డేటా అనలిటిక్స్, ఏఐ పాఠాలు చెబుతాను కాబట్టి మా పిన్ని ఇంకో అడుగు ముందుకేసింది. "నువ్వు ఏఐ చెబుతావంట గదా నాయనా, మీ కంప్యూటర్ని అడిగి వచ్చే నెల్లో ఒక మంచి రోజు చూడు" అంది.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ సెమిస్టర్ మొత్తానికి సరిపోయే ప్రశ్న అది. క్లాసుకు తీసుకెళ్లాను.

[దృశ్యం: క్లాస్‌రూమ్. బోర్డు మీద ఒకే వాక్యం: "పిన్ని ఎప్పుడు రావాలి?"]

డేటా దొరకడం కష్టమేమీ కాదు. నిన్న శ్రీవారిని ఎంతమంది దర్శించుకున్నారు, తలనీలాలు ఎంతమంది ఇచ్చారు, హుండీ ఆదాయం ఎంత, ఎన్ని కంపార్ట్‌మెంట్లలో భక్తులు వేచి ఉన్నారు... ఇవన్నీ రోజూ పేపర్లో వస్తాయి. వాటిని తేదీల వారీగా ఒక షీట్‌లో పేర్చుకుంటే చాలు.

ఆ పాత లెక్కలు చూసి రాబోయే రోజు రద్దీని అంచనా వేసే ప్రోగ్రామ్‌నే మోడల్ అంటాం. దాని కోడ్ కూడా కష్టం కాదు. ఇప్పుడు చాట్‌బాట్‌ని అడిగితే అర నిమిషంలో రాసిచ్చేస్తుంది. అందుకే నేను కోడ్‌కు మార్కులు తీసేశాను. దాని మీద స్టాఫ్‌రూమ్‌లో పెద్ద గొడవే జరిగింది, అది వేరే వీడియో.

వారం తిరక్కుండానే ఒక కుర్రాడు లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "సార్, మోడల్ దాదాపు కరెక్ట్‌గా చెప్పేస్తోంది." ముఖం వెలిగిపోతోంది. డేటాను ఎలా విడగొట్టావని అడిగాను.

"అన్ని రోజులూ పేకముక్కల్లా కలిపేసి, నూటికి ఎనభై రోజులు నేర్చుకోవడానికి, ఇరవై పరీక్షకు పెట్టాను సార్."

[దృశ్యం: క్యాలెండర్ గ్రాఫిక్. 12, 14 తేదీలు పచ్చగా, మధ్యలో 13 ఎర్రగా.]

ఇక్కడ ఆగి చూడండి. 12వ తేదీ, 14వ తేదీ మోడల్ చేతిలో ఉన్నాయి. పరీక్షలో అడిగింది 13వ తేదీ. ఆ రెంటి మధ్యలో ఒక అంకె చెప్పడానికి ఏఐ ఎందుకు, మా పిన్నే చెబుతుంది. పిన్ని అడిగింది వచ్చే నెల గురించి. ఆ రోజుకు ముందు రోజు తెలియదు, తర్వాతి రోజూ తెలియదు. అంటే పరీక్ష పేపరు ముందే లీకైందన్నమాట. దీన్ని డేటా లీకేజ్ అంటారు. రాబోయే రోజు గురించి చెప్పాలంటే తేదీలున్న డేటాను అలా పేకముక్కల్లా కలపకూడదు. పాత రోజులతో నేర్పాలి, కొత్త రోజులతో పరీక్షించాలి. అలా మార్చి మళ్లీ నడిపితే, "పోయిన వారం ఇదే రోజు ఎంతమందో, ఈ వారం కూడా అంతే" అనే ఒక్క లైను లెక్క వాడి మోడల్ని ఓడించింది. పాపం, రెండు రోజులు క్లాసుకు రాలేదు.

తర్వాత పండగల సంగతి. ఇంకో గ్రూపు వాళ్లు నెల పేరును మోడల్‌కు ఇచ్చారు. జనవరి అంటే వైకుంఠ ఏకాదశి కాబట్టి రద్దీ అని అది నేర్చుకుంది. కానీ ఏకాదశి మన ఇంగ్లీషు క్యాలెండర్ మాట వినదు. 2023లో రెండుసార్లు వచ్చింది, జనవరి 2న ఒకసారి, డిసెంబర్ 23న ఇంకోసారి. 2024లో అసలు రాలేదు. మళ్లీ వచ్చింది 2025 జనవరి 10న. అధిక మాసం పడిన 2020లో, 2023లో బ్రహ్మోత్సవాలు రెండేసి జరిగాయి. దానికితోడు ఒకప్పుడు రెండు రోజులే తెరిచే వైకుంఠ ద్వారాన్ని 2020 డిసెంబర్ నుంచి పది రోజులు తెరుస్తున్నారు. అంటే పద్ధతే మారిపోయింది, పాత ఏళ్ల డేటా ఆ పది రోజుల గురించి ఏమీ చెప్పదు. లాప్‌టాప్ పక్కన పంచాంగం పెట్టుకుని కూర్చున్న మొదటి ఏఐ క్లాసు మాదేనేమో!

2020 మార్చి నుంచి జూన్ దాకా భక్తులకు దర్శనం లేదు. షీట్‌లో ఆ గడులు ఖాళీ. కొందరు వాటిని సగటుతో నింపేశారు. గుడి మూసి ఉన్న రోజుల్లో వేలమందికి దర్శనం చేయించేశారు!

[దృశ్యం: క్యూలైన్ల మీదుగా నెమ్మదిగా కదిలే షాట్. తర్వాత ఒక సోల, దాని మీద పొంగిపోతున్న బియ్యం.]

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. దాన్ని చూడటానికి నాకే చాలా రోజులు పట్టింది.

పేపర్లో వచ్చేది దర్శనం చేసుకున్నవాళ్ల సంఖ్య. పిన్నికి కావాల్సింది వచ్చినవాళ్ల సంఖ్య. ఈ రెండూ ఒకటి కావు. రోజుకు 80 వేల మందికే దర్శనం చేయించగలరు అనుకుందాం. 82 వేల మంది వచ్చినా, లక్షా ఇరవై వేల మంది వచ్చినా పేపర్లో పడేది 80 వేలే. 31 కంపార్ట్‌మెంట్లు నిండి, క్యూ శిలాతోరణం దాకా వెళ్లిన రోజు కూడా అంకెలో మామూలు రోజులాగే కనిపిస్తుంది. సోలతో కొలిస్తే సోలే వస్తుంది. పొంగి కింద పోయింది ఎంతో సోలకు తెలియదు. అంటే ఏ రోజుల గురించి మనకు బాగా తెలియాలో, ఆ రోజుల దగ్గరే డేటా మూగబోతుంది.

ఇలాంటి డేటాను ఎలా అర్థం చేసుకోవాలో 1958లో జేమ్స్ టోబిన్ అనే ఆర్థికవేత్త ఒక దారి చూపించాడు. అదే ఏడాది ఫ్రాంక్ రోసెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ గురించి రాశాడు, ఈనాటి ఏఐ వెనక ఉన్న న్యూరల్ నెట్‌వర్క్‌ల ముత్తాత అది. మా పిల్లలందరికీ రోసెన్‌బ్లాట్ తెలుసు. టోబిన్ పేరు ఒక్కరూ వినలేదు. తప్పు వాళ్లది కాదు, స్టాటిస్టిక్స్‌ను మొదటి ఏడాదిలో మొక్కుబడిగా ముగించేసే మాది.

[దృశ్యం: పాత కలకత్తా, నలుపు తెలుపు గ్రాఫిక్.]

స్టాటిస్టిక్స్‌లో మహామహుడు, మన తెలుగాయన సి.ఆర్. రావు గారి సంగతి ఇక్కడ చెప్పాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లారు. పాతికేళ్లు కూడా నిండకముందు అక్కడ పాఠాలు చెబుతుండగా, ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త చెప్పిన ఒక ఫలితం తక్కువ డేటాకు కూడా వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటుంది. పక్షపాతం లేని అంచనా, అంటే సగటున ఎక్కువా తక్కువా చెప్పని అంచనా, ఎంత తెలివైనదైనా, దాని కచ్చితత్వం డేటాలో ఉన్న సమాచారాన్ని మించిపోలేదన్నది దాని సారం. పరిశోధన వేరు, పాఠం చెప్పడం వేరు అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

[దృశ్యం: మళ్లీ క్లాస్‌రూమ్. సాయంత్రం వెలుగు.]

సోల కథ చెప్పిన రోజు క్లాసు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి, తిరుపతి పిల్లే, చెయ్యెత్తింది.

"సార్, దర్శనానికి హద్దుంది, సరే. అలిపిరి చెక్‌పోస్ట్ దాటే బండ్లకు అంత హద్దు లేదు గదా? కొండకు పోయే బస్సులో టికెట్లు? వాటి లెక్క దొరికితే?"

"బండి దాటిన వాళ్లందరూ అదే రోజు క్యూలో నిలబడతారా?" అన్నాను.

"లేదు సార్. మా మామ వాళ్లు గుండు చేయించుకుని, రూమ్‌లో పడుకుని, మర్నాడు పోయినారు."

"అయితే ఎన్ని గంటల తేడా?"

తెలియదంది. బోర్డు మీద పిన్ని ప్రశ్న కింద ఆ అమ్మాయి ప్రశ్న రాశాను. ఈ ఆదివారం ఆరుగురు పిల్లలు నోటు పుస్తకాలతో అలిపిరి దగ్గర నిలబడుతున్నారు. పిన్నికి ఫోన్ చేసి, ఇంకో నెల ఆగమని చెప్పాను.