కొత్త సర్వర్ వచ్చినా వీసెంటర్ పాత పేరు వదలకండి

నమస్తే అండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఐటీ చూసుకునే తమ్ముడు ఒక ప్రశ్న పంపాడు. వాళ్ల దగ్గర వీఎంవేర్ (ఒక్కో సర్వర్‌ని చాలా వర్చువల్ మెషీన్లుగా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) మీద నడిచే సర్వర్లు మూడున్నాయి. అన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే వీసెంటర్ ఇంకా పాత సర్వర్ మీద, వెర్షన్ 7లోనే ఉంది. ఇప్పుడు కొత్త సర్వర్ వచ్చింది. వీసెంటర్‌ని దాని మీదకి తెచ్చి 8కి మార్చడానికి యాజమాన్యం ఒక ఆదివారం ఇచ్చింది. కోల్డ్ స్టోరేజ్ ఉష్ణోగ్రతలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఆ సర్వర్ల మీదే ఉంది. "మారుస్తుండగా అది ఆగిపోతే నా పరిస్థితి ఏంటన్నా?" అని అడిగాడు.

ముందు ఆ టెన్షన్ తీసేద్దాం. వీసెంటర్ ఆగినంత మాత్రాన వీఎంలు, అంటే ఆ వర్చువల్ మెషీన్లు, ఆగవు. అవి నడిచేది హోస్టుల మీద, అంటే ఈఎస్‌ఎక్స్‌ఐ అనే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ వేసిన సర్వర్ల మీద. ఒక హోస్ట్ పడిపోతే దాని వీఎంలను ఇంకో హోస్ట్ మీద లేపే హెచ్‌ఏ కూడా పనిచేస్తూనే ఉంటుంది, దాని ఏజెంట్ హోస్టుల్లోనే ఉంటుంది కాబట్టి. ఆ కాసేపు వీమోషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్ట్‌కి జరపడం) ఉండదు, డీఆర్‌ఎస్ (లోడ్‌ని బట్టి వీఎంలను హోస్టుల మధ్య సర్దడం) ఉండదు, వీసెంటర్ ద్వారా నడిచే బ్యాకప్‌లు ఉండవు. కోల్డ్ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కాదు.

నాకు భయమేసే చోటు వేరే ఉంది. "మూడే హోస్టులు కదా, కొత్త వీసెంటర్ వేసి హోస్టుల్ని అందులో కలిపేస్తే అరగంట పని" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రతి వీఎంకీ వీసెంటర్ లోపల ఒక నంబర్ ఉంటుంది, వీఎం-1042 అన్నట్టు. మీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చాలావరకు వీఎంని పేరుతో కాదు, ఆ నంబర్‌తోనే గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వీసెంటర్‌లో కలిపిన రోజున అదే వీఎంకి ఇంకో నంబర్ వస్తుంది. పేరు అదే, డిస్క్ అదే. అయినా బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి అది కొత్త మెషీన్. పాత జాబ్ "వీఎం కనబడట్లేదు" అంటుంది. మళ్లీ జాబ్‌లో కలిపితే అన్నిటికీ మొదటి నుంచి ఫుల్ బ్యాకప్ మొదలవుతుంది, స్టోరేజ్ నిండిపోతుంది. పర్మిషన్లు, ఫోల్డర్లు, అలారాలు, పాత పెర్ఫార్మెన్స్ చార్టులు అన్నీ పోతాయి. అందుకే నేను అప్‌గ్రేడ్ దారే చెబుతాను.

అప్‌గ్రేడ్ ఇన్‌స్టాలర్ కొత్త సర్వర్ మీద కొత్త అప్లయెన్స్‌ని (వీసెంటర్ నడిచే వీఎంని) ఒక తాత్కాలిక ఐపీతో నిలబెడుతుంది. పాతదాని నుంచి డేటా తెచ్చుకుంటుంది. చివర్లో పాతదాన్ని ఆపేసి, దాని పేరూ ఐపీ తాను తీసుకుంటుంది. లోపలి నంబర్లు మారవు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, మానిటరింగ్, స్క్రిప్టులు అన్నీ ఆ పాత పేరునే పలకరిస్తాయి, జవాబు వస్తుంది.

అన్నట్టు, మీకు వెర్షన్ మారక్కర్లేదు, సర్వర్ ఒక్కటే మారాలి అనుకోండి. అప్పుడు ఇదంతా అవసరం లేదు. కొత్త హోస్ట్‌ని క్లస్టర్‌లో (హోస్టుల గుంపులో) కలిపి వీసెంటర్ వీఎంని కూడా మిగతావాటిలాగే వీమోషన్‌తో జరపొచ్చు. ప్రాసెసర్లు రెండూ ఒకే కంపెనీవి అయ్యుండాలి, పాత, కొత్త ప్రాసెసర్ల మధ్య తేడాలు అడ్డురాకుండా చూసే ఈవీసీ సెట్టింగ్ ఏ స్థాయిలో ఉందో చూసుకోవాలి.

సరే, ఆదివారానికి ముందు చూడాల్సిన దాంట్లో నేను ఎక్కువ సమయం డీఎన్‌ఎస్‌కే, అంటే పేర్లని ఐపీలకి కలిపే సేవకే, ఇస్తాను. స్క్రీన్ మీద చూడండి, దాన్ని పరీక్షించే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ రెండుసార్లు కొడుతున్నాను. పేరు ఇస్తే ఐపీ రావాలి, ఐపీ ఇస్తే అదే పేరు తిరిగి రావాలి. మనవాళ్లు రెండోది మర్చిపోతారు. మీ డీఎన్‌ఎస్ సర్వర్ కూడా ఆ హోస్టుల మీద వీఎంగానే ఉంటే, ఆ రోజు దాన్ని కదపొద్దు, దాని హోస్ట్‌ని రీస్టార్ట్ చేయొద్దు. టైమ్ కూడా అంతే, హోస్టులు, అప్లయెన్స్ ఒకే ఎన్‌టీపీ (టైమ్ సర్వర్) చూడాలి.

పాస్‌వర్డ్‌లు శుక్రవారమే వాడి చూడండి. అప్లయెన్స్ రూట్ (ప్రధాన అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ మామూలుగా 90 రోజులకి ఎక్స్‌పైర్ అవుతుంది. ప్రతి హోస్ట్ రూట్ పాస్‌వర్డ్‌తో నేరుగా లాగిన్ అయి చూడండి, వీసెంటర్ లేనప్పుడు మీకు అదే దారి. పాత వీసెంటర్ వీఎం ఏ హోస్ట్ మీద ఉందో కాగితం మీద రాసుకోండి, అది అక్కడి నుంచి కదలకుండా డీఆర్‌ఎస్‌ని మాన్యువల్‌లో పెట్టండి. లైసెన్స్ సంగతి కూడా: 7 కీ 8కి పనిచేయదు. 60 రోజుల ఎవాల్యుయేషన్ నడుస్తుంది గానీ, కీ చేతిలో లేకుండా మొదలుపెట్టొద్దు.

మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం కదండీ, బ్యాకప్‌ని అలా చూడండి. 5480 పోర్ట్‌లో అప్లయెన్స్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, ఫైల్ బ్యాకప్‌ని ఈ మూడు సర్వర్లలో లేని చోటికి పంపండి.

పని ఆపి పాత వీసెంటర్‌కి ఎన్ని గంటలకి తిరిగి వెళ్లాలో ముందే రాసుకోండి. మధ్యాహ్నం రెండింటికల్లా కొత్తది లేవకపోతే దాన్ని ఆపేసి, పాతదాన్ని ఆన్ చేయడమే. ఇందుకే హోస్టుల్ని అదే రోజు ఈఎస్‌ఎక్స్‌ఐ 8కి మార్చొద్దంటాను. వీసెంటర్ 8 కింద ఈఎస్‌ఎక్స్‌ఐ 7 బాగానే నడుస్తుంది, కానీ వీసెంటర్ 7 ఈఎస్‌ఎక్స్‌ఐ 8ని మేనేజ్ చేయలేదు. ఒక్క హోస్ట్‌ని మార్చినా, పాత వీసెంటర్‌కి తిరిగి వెళ్తే ఆ హోస్ట్ చేతికి రాదు.

తేదీ విషయంలో మన డెల్టావాళ్లకి ఇంకో మాట. వీస్ఫియర్ 7కి (వీసెంటర్, ఈఎస్‌ఎక్స్‌ఐ కలిసిన ప్యాకేజీకి) జనరల్ సపోర్ట్ 2025 అక్టోబర్ 2న ముగిసింది. అదే నెల 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. సపోర్ట్ అయిపోయిందని హడావిడిగా అక్టోబర్, నవంబర్‌లలో తేదీ పెట్టుకోకండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని వింటే, యాజమాన్యం ఇచ్చిన ఆదివారమైనా సరే వాయిదా అడగండి. కరెంటు పోయి, జనరేటర్ మీద కోల్డ్ స్టోరేజ్ నడుస్తున్న పూట ఈ పని పెట్టుకోకూడదు.

సోమవారం పొద్దున్నే మీరు చూడాల్సింది రాత్రి బ్యాకప్ రిపోర్ట్. జాబ్‌లు పాత పేర్లతోనే, ఇంక్రిమెంటల్‌గా (మారిన డేటా మాత్రమే తీసుకుని) పూర్తయితే నంబర్లు అలాగే ఉన్నాయన్నమాట. పాత అప్లయెన్స్‌ని వెంటనే డిలీట్ చేయకండి. దాని ఆటోస్టార్ట్ తీసేయండి, నెట్‌వర్క్ అడాప్టర్ డిస్కనెక్ట్ చేయండి, ఎవరైనా పొరపాటున ఆన్ చేసినా ఐపీ గొడవ రాకుండా. నెలాఖరు జీతాలు, బిల్లింగ్ అన్నీ ఒకసారి సాఫీగా వెళ్లాక తీసేయొచ్చు.