బంతి గలగలమన్నంత సేపూ

శ్రోతలకు నమస్కారం. క్రికెట్‌ను చెవితో పట్టుకోవచ్చని రేడియో వ్యాఖ్యానం విన్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ రోజు ఆ ఆటను చెవితో ఆడే మనిషి గురించి మాట్లాడుకుందాం. పేరు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. ఉమ్మడి గుంటూరు జిల్లా వారు. నరసరావుపేటలో అంధుల పాఠశాలలో చదువుకున్నారు. భారత అంధుల జట్టుకు కెప్టెన్‌గా 2017లో టీ20 ప్రపంచకప్, 2018లో 40 ఓవర్ల ప్రపంచకప్, 2022లో మళ్లీ టీ20 ప్రపంచకప్ గెలిపించారు. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఎందుకంటే, ఉన్న కాస్త సమయం ఆయన ఎదుర్కొనే ఒకే ఒక్క బంతికి కేటాయించాలని నా ఆశ.

ముందు చూపు సంగతి. ఈ ఆటలో ఆటగాళ్లు మూడు తరగతులు. బీ1 అంటే చూపు దాదాపు బొత్తిగా లేనివారు. బీ2, బీ3 కొద్దిపాటి చూపున్నవారు. అజయ్‌ది బీ2. మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి పోల్చుకునే వస్తువును ఈ తరగతి ఆటగాడు 2 మీటర్ల దగ్గరికి వెళ్తేగానీ పోల్చుకోలేడు. కొందరికి అదీ కష్టమే. పిచ్ పొడవేమో 22 గజాలు, అంటే 20 మీటర్ల పైచిలుకు. అవతలి కొసన బౌలర్ బంతిని ఎలా పట్టుకున్నాడు, ఎప్పుడు వదిలాడు అన్నది కంటికి అందే సంగతి కాదు.

మరి ఏది అందుతుంది? చప్పుడు. బంతి తెల్లటి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న చిన్న బేరింగ్ గుండ్లు ఉంటాయి. నేల మీద దొర్లితే గలగలమంటుంది. గాలిలో ఉన్నంత సేపూ దాదాపు మూగదే. అందుకే నియమం అలా పెట్టారు: చేతిని కిందినుంచి ఊపి వెయ్యాలి, పిచ్ సగం దాటకముందే బంతి ఒకసారి నేలను తాకాలి. సగం దాటాక పడితే నోబాల్. ఆ 11 గజాలే బ్యాటర్ చెవికి దొరికే వ్యవధి.

ఇక ఆ ఒక్క బంతి. బౌలర్ "రెడీ?" అని కేక వేస్తాడు. బ్యాటర్ "యెస్" అంటాడు. బంతి వదులుతూ బౌలర్ "ప్లే" అనాలి. అనకపోయినా, ఆలస్యంగా అన్నా నోబాలే. ఆ కేకతో బంతి ఎక్కడినుంచి బయల్దేరిందో తెలుస్తుంది. టక్కున నేలకు తగిలిన చోటుతో ఏ గీత మీద వస్తోందో తెలుస్తుంది. తర్వాత గలగల పెరిగే తీరును బట్టి వేగం తెలుస్తుంది. ఈ మూడూ కలిసేలోపు మోకాలు నేలకు ఆనాలి, బ్యాట్ అడ్డంగా పడుకోవాలి. స్వీప్ షాట్. ఈ ఆటలో పరుగులకు పెద్ద దిక్కు అదే.

ఎందుకు స్వీపే? బ్యాట్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. నిలువుగా పట్టి ఆడితే బంతి గీతను అంత సన్నగా అంచనా కట్టాలి. ఆ గీతకు అడ్డంగా తిప్పితే బ్యాట్ పొడవంతా పనికొస్తుంది. బంతి జానెడు అటూ ఇటూ జరిగినా తగులుతుంది. పైగా కిందినుంచి వేసిన బంతి ఎత్తు లేవదు, నేలను రాసుకుంటూ వస్తుంది. దిక్కు సమస్య అలా తీరింది, ఇక మిగిలింది సమయం. తడబాటు వచ్చేది అక్కడే. తొందరపడితే బంతి రాకముందే బ్యాట్ దాటిపోతుంది. ఆలస్యమైతే కాలికి తగులుతుంది. షాట్ మధ్యలో తల తిప్పేస్తే రెండు చెవులకూ అందే చప్పుడు తూకం తప్పుతుంది, గీత చెదిరిపోతుంది. తల నిలపాలి. మళ్లీ చెబుతున్నాను, తల నిలపాలి.

2022 డిసెంబర్ 17, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం, బంగ్లాదేశ్‌తో ఫైనల్. అజయ్ 50 బంతుల్లో 100 నాటౌట్. సునీల్ రమేశ్ 63 బంతుల్లో 136. భారత్ స్కోరు 2 వికెట్లకు 277, గెలుపు 120 పరుగులతో. ఆ ఇద్దరే కలిపి 113 బంతులు ఎదుర్కొన్నారు. అంటే 113 సార్లు "రెడీ", 113 సార్లు "ప్లే". ప్రతిసారీ చెవి మొదటినుంచి మొదలుపెట్టాలి. నూరు పరుగులకన్నా నాకు ఆ ఓర్పే గొప్పగా తోస్తుంది.

కెప్టెన్‌కు ఇంకో లెక్క ఉంది. పదకొండు మందిలో కనీసం నలుగురు బీ1 ఆటగాళ్లు ఉండాలి. మొత్తం ఓవర్లలో 40 శాతం వాళ్లే వెయ్యాలి, అంటే 20లో 8. బీ1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. ఫోర్ కొడితే ఎనిమిది. ఈ నియమం నాకెంతో ఇష్టం. చూపు బొత్తిగా లేని ఆటగాడిని జట్టు చివర దాచేయడానికి వీల్లేదు, అతన్ని ఎప్పుడు దింపాలన్నదే కెప్టెన్ తెలివి. 2018లో షార్జా ఫైనల్లో పాకిస్తాన్ 307 కొట్టింది. మనవాళ్లు 2 వికెట్ల తేడాతో గెలిచారు. అజయ్ 62, సునీల్ 93.

ఫీల్డింగ్‌లో చిక్కు వేరు. దొర్లే బంతి పిలుస్తుంది, ఆగిన బంతి పిలవదు. అందుకని బీ1 ఫీల్డర్ వంగి పట్టాలని చూడడు. చప్పుడు వచ్చే దారికి అడ్డంగా నేల మీద వాలిపోతాడు. బంతి ఒంటికి తగిలి ఆగితే చేతికి దొరుకుతుంది, తప్పించుకుని గడ్డిలో ఆగిపోతే పక్కవాడు కేకలతో దారి చెప్పాల్సిందే. గడ్డి తడిగా ఉంటే గలగల ఇంకా మందగిస్తుంది.

ఇప్పుడు మనం చెయ్యాల్సిన ఒక్క పని. ఈ ఆట చూడ్డానికి వెళ్తే "ప్లే" అన్న కేక నుంచి బంతి తిరిగి కీపర్ చేతికో బౌలర్ చేతికో చేరేదాకా మౌనంగా ఉండండి. ఫోన్ మూగబోవాలి. ఈలలు, డప్పులు ఓవర్ల మధ్య. పరుగు తీసేటప్పుడు అవతలి బ్యాటర్ "నో" అని అరిచిన అరుపు మన కేరింతల్లో కలిసిపోతే ఒక మనిషి రనౌట్ అవుతాడు. సిక్సర్ వెళ్తున్నట్టు మీ కళ్లకు ముందే తెలిసినా ఆగండి. అంపైర్ రెండు చేతులూ పైకెత్తాక గొంతు పోయేలా అరవండి. కొట్టినవాడికి అది ఎంత దూరం వెళ్లిందో తెలిసేది ఆ అరుపుతోనే.