‘దుర్బోధ’ అనే ముందు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మన సంఘాల్లో ఇవాళ చాలా తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తున్న మాట దుర్బోధ. పక్క సంఘంవాళ్లు బాప్తిస్మం ఇచ్చే తీరు నచ్చకపోతే దుర్బోధ. పాస్టరుగారు ఒక వచనాన్ని మనం చిన్నప్పటినుంచీ విన్నట్టు చెప్పకపోతే దుర్బోధ. ఆ మాట బరువెంతో చెబుదామనే మీ ముందుకు వచ్చాను.

దాని వెనకున్న గ్రీకు మాట హైరెసిస్. ఎంచుకోవడం, ఎంచుకున్న పక్షం అని అర్థం. 2 పేతురు 2:1లో మన తెలుగు బైబిలు దాన్ని ‘నాశనకరమగు భిన్నాభిప్రాయములు’ అంది. అదే మాట అపొస్తలుల కార్యములు 24లో ‘మతభేదము’ అయింది. అక్కడ ఆ నింద పడింది ఎవరి మీదనుకున్నారు? పౌలు మీద! వీళ్లు మతభేదమని పేరుపెట్టిన ఈ మార్గంలోనే నా పితరుల దేవుణ్ణి సేవిస్తున్నానని ఆయన రోమా అధిపతి ఫేలిక్సు ముందు ఒప్పుకున్నాడు.

ఇక దుర్బోధకుడని పేరుపడిన అరియస్ సంగతి. ఆయన బోధను తోసిపుచ్చిన బిషప్పుల సభ, నీకయ సభ, జరిగి 1700 ఏళ్లు నిండాయి కాబట్టి ఈయన గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఈజిప్టులో అలెగ్జాండ్రియ రేవు పట్టణంలో ప్రెస్బిటరు, అంటే సంఘ పెద్ద. నిరాడంబరంగా బతికేవాడు, మెత్తగా మాట్లాడేవాడు. ఓడ పనివాళ్లు, తిరగలి దగ్గర కూర్చున్నవాళ్లు, బాటసారులు పాడుకునేలా తన బోధను పాటలు కట్టాడు. ఆయన వాదన ఇది: దేవుడు ఒక్కడే, ఆయనకు ఆది లేదు. కుమారుడు తండ్రి వలన కలిగాడంటే, ఆయన లేని స్థితి ఒకటి ఉండి తీరాలి.

వాక్యం లేకుండా మాట్లాడాడా? లేదు. సామెతలు 8:22 తీయండి. ‘యెహోవా నన్ను కలుగజేసెను’ అంటోంది జ్ఞానం. ఆ జ్ఞానం క్రీస్తేనని అప్పట్లో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. యోహాను 14:28లో ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని ప్రభువే అన్నాడు. ఈ వచనాలను అరియస్ వైపు కూర్చుని మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత అలెగ్జాండ్రియకు బిషప్పు అయిన అతనేసియస్ అరియస్‌కు ఇచ్చిన జవాబు వచనానికి వచనం అప్పజెప్పడంతో ఆగలేదు. మన రక్షణ సంగతేమిటని అడిగాడు. కుమారుడు కూడా సృష్టిలో ఒకడే అయితే, సృష్టిని దేవునితో ఎలా కలుపుతాడు? ఏట్లో కొట్టుకుపోతున్నవాణ్ణి మరో కొట్టుకుపోయేవాడు గట్టెక్కించగలడా? పైగా సంఘం మొదటినుంచీ యేసుకు మొక్కుతోంది, ఆయన నామంలో బాప్తిస్మం ఇస్తోంది. ఆయన సృష్టే అయితే మనం చేస్తున్నది విగ్రహారాధనే! నా మట్టుకు నాకు ఈ ఒక్క మాట చాలు.

325లో నీకయలో బిషప్పులు కూడారు. అప్పటికి అతనేసియస్ తన బిషప్పు వెంట వచ్చిన డీకను, అంటే పరిచారకుడు మాత్రమే. బైబిల్లోని ఏ మాట పెట్టినా అరియస్ పక్షంవాళ్లు ఒకరికొకరు కనుసైగ చేసుకుని, ‘ఇది మనకూ సరిపోతుంది’ అనుకున్నారని ఆయనే తర్వాత రాశాడు. చివరికి బైబిల్లో లేని మాట తేవలసివచ్చింది: హోమోఊసియోస్, తండ్రితో ఏకతత్వం గలవాడు. బైబిల్లో లేదన్న బాధ చాలామంది భక్తుల్ని చాలాకాలం వెంటాడింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది.

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఓటింగు పెట్టి యేసును దేవుణ్ణి చేశాడని యూట్యూబులో చెబుతుంటారు. చరిత్ర అలా లేదు. ఈ తగవే అల్పమైనదని అంతకుముందు ఉత్తరం రాసినవాడు ఆ చక్రవర్తి. 337లో చనిపోయేముందు ఆయనకు బాప్తిస్మం ఇచ్చింది అరియస్‌ను వెనకేసుకొచ్చిన నికొమీదియ బిషప్పు యూసేబియస్. 359లో తూర్పున ఒకటి, పడమరన ఒకటి జంటసభలు పెట్టి, వందలమంది బిషప్పుల చేత నీకయ మాటను పక్కన పెట్టించారు. అధికారం అటుంది, సంఖ్యా అటే ఉంది. అతనేసియస్‌ను 5 సార్లు వెళ్లగొట్టారు. బిషప్పుగా ఉన్న 45 ఏళ్లలో దాదాపు 17 ఏళ్లు ప్రవాసమే. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నీకయ విశ్వాసాన్ని స్థిరపరిచేనాటికి ఆయన కన్నుమూసి 8 ఏళ్లు.

హితబోధ అలా నిలబడింది, దెబ్బలు తిని. ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే మాత్రం నాకు నోరు రాదు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 385 ప్రాంతంలో, ఇప్పటి జర్మనీలోని ట్రియర్ నగరంలో, దుర్బోధ నింద పడిన ప్రిస్కిల్లియన్ అనే స్పెయిన్ బిషప్పు తల నరికించారు. మంత్రగాడన్న నేరం మోపారు. ఆయన్ని అప్పుడు రోమా పడమటి ప్రాంతాలను ఏలుతున్న మాక్సిమస్ రాజు దాకా వెంటాడింది తోటి బిషప్పులే. టూర్ నగరపు బిషప్పు మార్టిన్ అక్కడికి వెళ్లి, రక్తం చిందించవద్దని, ప్రిస్కిల్లియన్ పక్షంవాళ్లను సంఘం నుంచి వెలివేస్తే చాలునని బతిమాలాడు. ఆయన ఉన్నంతసేపూ రాజు ఆగాడు. ఆయన ఊరు దాటాక శిక్ష అమలైంది. మిగిలినవాళ్ల ప్రాణాలైనా కాపాడదామని మార్టిన్ మళ్లీ వెళ్లి, ఆ బిషప్పులతో ఒకే ఒక్క రోజు సహవాసంలో నిలబడ్డాడు. తిరుగుదారిలో దానికి కుమిలిపోయాడు. ఆ తర్వాత బతికినంతకాలం బిషప్పుల సభ ఒక్కదానికీ వెళ్లలేదు.