క్రంబ్ టాపింగ్: చల్లటి బటరా, కరిగిన బటరా, నెయ్యా? మూడూ చేసి చూశాను

నమస్తే అండీ. ఈ టేబుల్ మీద మూడు ట్రేలున్నాయి చూడండి. మూడింట్లోనూ అరటిపండు మఫిన్లే. అదే పిండి, అదే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), అదే టైము. తేడా అంతా పైన చల్లినదాంట్లోనే ఉంది.

బేకరీలో ఆపిల్ కేక్ మీద బరకబరకగా, కరకరలాడుతూ ఒక పొర ఉంటుంది కదా, చాలామంది ముందు అదే గిల్లుకుని తినేస్తారు. అదే క్రంబ్ టాపింగ్. జర్మన్లు దీన్ని ష్ట్రాయ్‌జెల్ అంటారు. వాళ్ల భాషలో చల్లడం అనే మాటలోంచి వచ్చిన పేరు. ఇందులో ఉండేవి మూడే: మైదా, పంచదార, బటర్. ఈ మాత్రం దానికి వీడియో ఎందుకంటారా? పోయినేడాది మా పాప పుట్టినరోజు కేక్ మీద నేను చల్లిన క్రంబ్ మొత్తం లోపలికి దిగిపోయింది. కోస్తే మధ్యలో పిండి గడ్డలు. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకు.

కొలత మూడింటికీ ఒకటే. మైదా 100 గ్రాములు, పంచదార 60, కొవ్వు 60, చిటికెడు దాల్చినచెక్క పొడి. పన్నెండు మఫిన్లకి సరిపోతుంది. కప్పులతో కాదు, కాటా మీద తూచండి. మైదా కప్పులో నొక్కి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క. మీ దగ్గరున్నది ఉప్పు బటరైతే పర్లేదు, వాడేయండి, విడిగా ఉప్పు మాత్రం వెయ్యకండి.

మొదటి ట్రే, చల్లటి బటర్. బేకింగ్ పుస్తకాలు చెప్పే పద్ధతి ఇదే. ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్‌ని చిన్న ముక్కలు కోసి, మైదాలో వేసి వేళ్ల కొసలతో రుద్దాలి. కజ్జికాయల పిండిలో నెయ్యి వేసి రుద్దడం చూసుంటారు కదా, అచ్చం అదే పని. పరీక్ష కూడా అదే: పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విరగాలి. కొవ్వు పిండి రేణువులకి పూతలా పట్టేస్తుంది, దాంతో తేమ తగిలినా పిండి సాగదు, గుల్లగా విరుగుతుంది. చెక్కల్లో వెన్న వేసేది కూడా ఈ గుల్లతనం కోసమే కదా.

కానీ ఒక చిక్కుంది. బటర్ 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో మా హైదరాబాద్ వంటగదిలో మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది, పైగా మన చేతి వేడి. మొదటిసారి రుద్దితే రెండు నిమిషాల్లో చపాతీ ముద్ద తయారైంది. రెండోసారి బటర్‌ని ఫ్రీజర్‌లో గంటసేపు పెట్టి, క్యారెట్ తురిమేదాని మీద తురిమి, స్పూన్‌తో కలిపి, ఆఖర్లో మాత్రం చెయ్యి పెట్టాను. అప్పుడు కుదిరింది. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. సన్నది, లావుది కలిసి ఉంది, నోట్లో వేస్తే కరిగిపోతోంది. రుచికి ఐదుకి నాలుగు. శ్రమకి మాత్రం రెండే ఇస్తాను. వేసవిలో అయితే అదీ ఇవ్వను.

రెండో ట్రే, కరిగిన బటర్. నిజం చెప్పాలంటే దీన్ని తక్కువ అంచనా వేశాను. బటర్ కరిగించి, గోరువెచ్చగా అయ్యాక మైదా, పంచదార మిశ్రమంలో పోసి ఫోర్క్‌తో కలపడమే. వేడిగా పోస్తే నూనె కారే ముద్దవుతుంది, కాసేపు ఆగండి. కలిపాక పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, వేళ్లతో విరుచుకుంటే శనగ గింజంతవి, ఉసిరికాయంతవి, ఏ సైజు కావాలంటే ఆ సైజు వస్తాయి. న్యూయార్క్ క్రంబ్ కేక్ అని ఒకటుంది, దాని మీద ఇలాంటి పెద్ద ఉండలే, అడుగున కేక్ ఎంత మందమో పైన క్రంబ్ కూడా దాదాపు అంత మందం వేస్తారు. ఈ మఫిన్ కొరికితే... వినిపించిందా? ఆ చప్పుడు మొదటి ట్రేలో లేదు. లోపం ఏంటంటే, మర్నాటికి కొంచెం బిస్కెట్‌లా గట్టిపడుతుంది. మర్నాటిదాకా మిగిలితే కదా అంటారా, అదీ నిజమే.

మూడోది నెయ్యి. చాలామంది అడిగేది ఇదే, ఇంట్లో బటర్ లేదు, నెయ్యి వెయ్యచ్చా అని. వెయ్యచ్చు, కానీ లెక్క మారుతుంది. బటర్‌లో కొవ్వు 80 శాతం దాకా ఉంటే మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఆ కాస్త తేమే ఉండ కట్టడానికి సాయపడుతుంది. నెయ్యిలో ఆ నీళ్లుండవు. అందుకే ఇసకలా పొడిపొడిగా రాలిపోతుంది, చూడండి, మఫిన్ తీస్తుంటేనే సగం కాగితంలో పడింది. ఒక టీ స్పూన్ చల్లటి పాలు చిలకరిస్తే కొంత నయం. కరిగిన నెయ్యి కాకుండా పూస కట్టిన నెయ్యి తీసుకోండి. వాసన మాత్రం... ఓటీజీ తలుపు తియ్యగానే నాన్‌ఖటాయీలు కాలుతున్నాయేమో అనిపించింది. అందుకే దీన్ని మఫిన్ల మీద నేను మళ్లీ వెయ్యను, పండ్ల మీద వేస్తాను. ఇంగ్లండులో పండ్ల ముక్కల మీద ఇలాంటి పొడి చల్లి కాల్చేదాన్ని క్రంబుల్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకులు రేషన్‌లో దొరికే రోజుల్లో అది బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడ ఆపిల్ అయితే మనకి బంగినపల్లి ఉంది. మరీ మగ్గిన పండొద్దు, నీరు కారిపోతుంది. కొంచెం గట్టిగా ఉన్న ముక్కల మీద ఈ నెయ్యి క్రంబ్ వేసి, యాలకుల పొడి తగిలించండి. మా అత్తగారు కేక్ ముట్టరు, ఇది రెండోసారి అడిగి వేయించుకున్నారు.

పంచదార బదులు బెల్లం పొడి కూడా వేసి చూశాను. రుచి బావుంది, కానీ బెల్లంలో తేమ ఉంటుంది కాబట్టి ముద్దముద్దగా అవుతుంది, పైగా తొందరగా నల్లబడుతుంది. సగం బెల్లం, సగం పంచదార అయితే దారిలో పడుతుంది.

ఇప్పుడు ఆ మునిగిపోయిన కేక్ సంగతి. తప్పు క్రంబ్‌ది కాదు, నాదే. కేక్ పిండి దోసె పిండిలా జారుగా కలిపాను. దాని మీద ఏది చల్లినా మునుగుతుంది. గరిటెలోంచి ధారగా కాదు, ముద్దగా జారిపడేంత చిక్కగా ఉండాలి, ఇడ్లీ పిండి కంటే కాస్త గట్టిగా. క్రంబ్‌ని కూడా ఓ పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి చల్లితే అది కరిగేలోపు కింద కేక్ గట్టిపడుతుంది. చల్లాక చేత్తో నొక్కకండి.

ఓటీజీ వాళ్లకి ఇంకో మాట. పై రాడ్‌కి దగ్గరగా పెడితే లోపల పచ్చి, పైన మాడు. నేను 180 డిగ్రీల్లో, మధ్య అరలో, మొదటి పదిహేను నిమిషాలు కింద రాడ్ ఒక్కటే వేస్తాను. రెండో రాడ్ ఆఖరి ఎనిమిది, పది నిమిషాలకి చాలు. అప్పుడు కూడా అద్దంలోంచి చూస్తూనే ఉండండి, ఫోన్ పట్టుకుని హాల్లోకి వెళ్లకండి.

క్రంబ్ ఎక్కువైతే పారెయ్యకండి. జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు ఉంటుంది, కరిగించే పని లేకుండా నేరుగా చల్లుకోవచ్చు. లేదా ట్రేలో పల్చగా పరిచి, 170 డిగ్రీల్లో మధ్యలో ఒకసారి కలుపుతూ పన్నెండు, పదిహేను నిమిషాలు విడిగా కాల్చేసి, చల్లారాక డబ్బాలో పోసుకోండి. వెనీలా ఐస్‌క్రీమ్ మీద రెండు స్పూన్లు వేసుకుంటే ఇంక కేక్ జోలికే వెళ్లరు. ఇదిగో, ఈ డబ్బాలో ఉన్నది అదే. నిన్న రాత్రి మూతదాకా ఉండేది.